కేంద్ర నాడీమండల అలసట

కేంద్ర నాడీమండల అలసట అనగా వ్యాయామం లేదా శారీరక శ్రమ చేస్తున్నప్పుడు కండరాలలో కాక మెదడులోను, వెన్నుపాములోను కలిగే మార్పుల వలన బలం తగ్గిపోవడం. ఈ స్థితిలో కండరానికి పనిచేసే శక్తి ఇంకా మిగిలే ఉంటుంది, కాని దానికి మెదడు నుండి అందవలసిన ఆజ్ఞ బలహీనపడుతుంది. దీనినే క్లుప్తంగా కేంద్రీయ అలసట అని కూడా వ్యవహరిస్తారు. సెరోటోనిన్, డోపమైన్, నార్‌అడ్రినలిన్, అడినోసిన్ వంటి మెదడు రసాయనాల హెచ్చుతగ్గులకు, ఈ అలసటకు సంబంధం ఉన్నదని 1980వ దశకం నుండి జరిగిన పరిశోధనలు తెలుపుతున్నాయి. అయితే ఏ ఒక్క రసాయనమూ ఒంటరిగా అలసటకు కారణమని చెప్పడానికి వీలులేదు.

అలసటలో రకాలు

మనిషి ఒక బరువును ఎత్తాలని సంకల్పించినప్పుడు ఆ ఆజ్ఞ మస్తిష్క వల్కలంలోని చాలక ప్రాంతంలో బయలుదేరి, వెన్నుపాములోని చాలక నాడీకణాలను చేరి, అక్కడి నుండి నాడుల ద్వారా కండరాలకు అందుతుంది. ఈ మార్గంలో ఎక్కడ లోపం కలిగినా బలం తగ్గుతుంది. అలసట పుట్టే స్థానాన్ని బట్టి దానిని రెండు రకాలుగా విభజిస్తారు.

పరిధీయ అలసట: నాడి కండరాన్ని కలిసే చోట గాని, కండరంలో గాని కలిగేది. కండరకణాలలో గ్లైకోజన్ నిల్వలు తరగడం, ఫాస్ఫేట్ పోగుపడడం, కాల్షియం విడుదల మందగించడం దీనికి ముఖ్య కారణాలు.

కేంద్రీయ అలసట: మెదడులో గాని, వెన్నుపాములో గాని కలిగేది. కండరాన్ని ప్రేరేపించే నాడీ సంకేతాల సంఖ్య, వేగం తగ్గడం దీని లక్షణం.

ఈ రెండూ సాధారణంగా కలిసే ఉంటాయి. తక్కువ సమయంలో ముగిసే తీవ్రమైన శ్రమలో పరిధీయ అలసట పాలు ఎక్కువ. గంటల తరబడి సాగే దూరపు పరుగు, సైకిల్ పందెం వంటి వాటిలోను, మండుటెండలో చేసే శ్రమలోను కేంద్రీయ అలసట పాలు పెరుగుతుంది.

పరిశోధన చరిత్ర

అలసటను ప్రయోగశాలలో కొలిచిన తొలి శాస్త్రవేత్తలలో ఇటలీ దేశపు శరీరధర్మ శాస్త్రవేత్త ఆంజెలో మోస్సో (1846-1910) ప్రముఖుడు. ట్యూరిన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మోస్సో ఎర్గోగ్రాఫ్ అనే పరికరాన్ని రూపొందించాడు. చేతి మధ్యవేలితో ఒక బరువును పదే పదే లాగుతుంటే, ప్రతిసారీ వేలు ఎంత కదిలినదీ ఈ పరికరం గీతలుగా నమోదు చేస్తుంది. విద్యార్థులకు చాలాసేపు మౌఖిక పరీక్షలు నిర్వహించి వచ్చిన తన సహచరుని వేలు, మామూలు రోజులలో కంటే చాలా త్వరగా అలసిపోవడం మోస్సో గమనించాడు. ఆ వేలు అంతవరకు ఏ శ్రమా చేయలేదు, అలసినది మెదడు మాత్రమే. 1891లో వెలువరించిన 'లా ఫాటికా' (అలసట) అనే గ్రంథంలో మోస్సో ఈ పరిశీలనలను వివరించాడు.

ఆ తరువాత శాస్త్రవేత్తల దృష్టి కండరం మీదకు మళ్ళింది. కండరాల ఉష్ణోత్పత్తిపై పరిశోధన చేసిన ఇంగ్లండు శాస్త్రవేత్త ఆర్చిబాల్డ్ హిల్‌కు, లాక్టిక్ ఆమ్లంపై పరిశోధన చేసిన జర్మనీ శాస్త్రవేత్త ఒట్టో మేయర్‌హాఫ్‌కు కలిపి 1922వ సంవత్సరపు వైద్యశాస్త్ర నోబెల్ బహుమతి లభించింది. కండరాల సంకోచానికీ అలసటకూ లాక్టిక్ ఆమ్లమే మూలమన్న భావన ఆ కాలంలో బలపడింది.

ఈ భావనను కదిలించిన పరిశోధనలలో ఆంధ్రుడైన ఎల్లాప్రగడ సుబ్బారావు పాత్ర కలదు. భీమవరంలో 1895లో జన్మించిన సుబ్బారావు, అమెరికాలోని హార్వర్డ్ వైద్య కళాశాలలో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉన్నదని 1927లో ప్రకటించాడు. 1929లో వీరిద్దరు, వీరితో సంబంధం లేకుండా జర్మనీలో కార్ల్ లోమన్, కండరకణాల శక్తివాహకమైన ఏటీపీని కనుగొన్నారు. లాక్టిక్ ఆమ్లం తయారు కాకుండా అడ్డుకున్నా కండరం కొంతసేపు సంకోచించగలదని 1930లో డెన్మార్క్ శాస్త్రవేత్త ఐనార్ లుండ్స్‌గార్డ్ నిరూపించాడు. ఈ మార్పును కండర శాస్త్రంలో విప్లవంగా 1932లో హిల్ స్వయంగా పేర్కొన్నాడు.

1954లో ఇంగ్లండులో పి.ఎ. మెర్టన్ బొటనవేలి కండరంపై చేసిన ప్రయోగం మరొక మైలురాయి. అలసిన కండరానికి నాడి ద్వారా విద్యుత్ ప్రేరణ ఇచ్చినా బలం పెరగలేదు కనుక అలసట కండరంలోనే ఉన్నదని ఆయన నిర్ణయించాడు. కాని 1961లో మిచియో ఇకాయ్, ఆర్థర్ స్టైన్‌హౌస్ ప్రచురించిన పరిశోధన వేరొక చిత్రాన్ని చూపింది. హఠాత్తుగా తుపాకీ శబ్దం వినిపించినా, పెద్దగా అరిచినా, హిప్నాటిజంలో ఉన్నా మనిషి చూపే బలం మామూలు కంటే పెరిగింది. అనగా మామూలు పరిస్థితులలో మెదడు కండరాల బలాన్ని పూర్తిగా వాడనీయదని వారు భావించారు.

1987లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన జీవరసాయన శాస్త్రవేత్త ఎరిక్ న్యూస్‌హోమ్, అతని సహచరులు సెరోటోనిన్ ఆధారంగా కేంద్రీయ అలసట సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. మెదడు రసాయనాలకూ వ్యాయామపు అలసటకూ గల సంబంధంపై ప్రస్తుత పరిశోధనకు ఇది పునాది.

కొలిచే విధానం

కేంద్రీయ అలసటను కొలవడానికి మెర్టన్ పద్ధతినే మెరుగుపరచి వాడుతున్నారు. వ్యక్తిని తన శక్తినంతా ఉపయోగించి కండరాన్ని బిగించమని చెప్పి, ఆ క్షణంలోనే నాడికి చిన్న విద్యుత్ ప్రేరణ ఇస్తారు. బలం ఏమీ పెరగకపోతే మెదడు ఆ కండరాన్ని పూర్తిగా వాడుకుంటున్నదని అర్థం. బలం పెరిగినచో మెదడు వాడని బలం కండరంలో మిగిలి ఉన్నదని అర్థం. శ్రమ సాగేకొద్దీ ఈ మిగులు పెరుగుతుంటే కేంద్రీయ అలసట కలుగుతున్నట్లు నిర్ణయిస్తారు. 1990వ దశకం నుండి అయస్కాంత ప్రేరణతో నేరుగా మస్తిష్క వల్కలాన్నే ప్రేరేపించి చూసే పద్ధతి కూడా వాడుకలోకి వచ్చింది. ఆస్ట్రేలియాలో సైమన్ గాండీవియా బృందం 1996లో ఈ పద్ధతి ద్వారా, అలసిన స్థితిలో మెదడులోని చాలక ప్రాంతం నుండే తగినంత ఆజ్ఞ వెలువడదని చూపింది.

వ్యక్తి అనుభవించే శ్రమను కొలవడానికి స్వీడన్ మనోవైజ్ఞానికుడు గున్నార్ బోర్గ్ రూపొందించిన, 6 నుండి 20 వరకు అంకెలు గల కొలబద్దను వాడతారు.

మెదడులోని రసాయనాలు

సెరోటోనిన్

నిద్ర, ఆకలి, మానసిక స్థితి మొదలైన వాటిని ప్రభావితం చేసే ఈ రసాయనం ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుండి తయారవుతుంది. శరీరంలోని సెరోటోనిన్‌లో అధికభాగం పేగులలో ఉంటుంది, కాని అది మెదడులోకి ప్రవేశించలేదు. మెదడు తనకు కావలసిన సెరోటోనిన్‌ను తానే తయారుచేసుకోవాలి. అందుకు రక్తం నుండి ఎంత ట్రిప్టోఫాన్ లోపలికి వస్తుందన్నది ముఖ్యం.

న్యూస్‌హోమ్ సిద్ధాంతం ప్రకారం దీర్ఘకాల వ్యాయామంలో ఈ క్రింది మార్పులు వరుసగా జరుగుతాయి.

1. కండరాలలో గ్లైకోజన్ తరిగేకొద్దీ శరీరం కొవ్వును ఇంధనంగా వాడడం పెంచుతుంది. రక్తంలోకి కొవ్వు ఆమ్లాలు ఎక్కువగా విడుదలవుతాయి.
2. రక్తంలో ట్రిప్టోఫాన్ చాలావరకు ఆల్బుమిన్ అనే ప్రోటీన్‌ను అంటిపెట్టుకొని ఉంటుంది. కొవ్వు ఆమ్లాలు కూడా ఆల్బుమిన్‌నే ఆశ్రయిస్తాయి కనుక ట్రిప్టోఫాన్‌ను తొలగించి ఆ చోటును ఆక్రమిస్తాయి. అందువలన స్వేచ్ఛగా ఉండే ట్రిప్టోఫాన్ పెరుగుతుంది.
3. లూసిన్, ఐసోలూసిన్, వాలిన్ అనే మూడు శాఖాయుత అమైనో ఆమ్లాలను కండరాలు ఇంధనంగా వాడుకోవడం వలన రక్తంలో అవి తగ్గుతాయి.
4. ఈ మూడు ఆమ్లాలు, ట్రిప్టోఫాన్ ఒకే వాహకం ద్వారా మెదడులోకి ప్రవేశిస్తాయి. పోటీదారులు తగ్గి, స్వేచ్ఛా ట్రిప్టోఫాన్ పెరగడంతో అది మెదడులోకి ఎక్కువగా చేరుతుంది.
5. మెదడులో సెరోటోనిన్ పెరిగి మగత, నిరుత్సాహం, అలసట కలుగుతాయి.

ఈ సిద్ధాంతానికి కొంత బలం చేకూరింది. సెరోటోనిన్ ప్రభావాన్ని పెంచే మందులు ఇచ్చిన ఎలుకలు త్వరగా అలసిపోయాయి. 1992లో విల్సన్, మాన్ అనే శాస్త్రవేత్తలు మనుషులకు పారాక్సెటిన్ ఇచ్చి సైకిల్ తొక్కించినప్పుడు వారు మామూలు కంటే ముందుగానే విరమించారు. అయితే తరువాతి పరిశోధనలలో ఈ ఫలితం ప్రతిసారీ పునరావృతం కాలేదు. శాఖాయుత అమైనో ఆమ్లాలను పానీయంగా ఇస్తే అలసట ఆలస్యమవుతుందన్న ఆశ కూడా పూర్తిగా నెరవేరలేదు. నెదర్లాండ్స్‌లో వాన్ హాల్ బృందం 1995లో ప్రచురించిన పరిశోధనలో ఆ ఆమ్లాలు ఇచ్చినా, ట్రిప్టోఫాన్ ఇచ్చినా సైకిల్ తొక్కిన సమయంలో తేడా రాలేదు. క్రీడాకారుల పేరుతో ఈ అమైనో ఆమ్లాల పొడులు విరివిగా అమ్ముడవుతున్నందున ఈ విషయం గమనించదగినది.

2013లో డెన్మార్క్‌లో తాబేళ్ళ వెన్నుపాముపై జరిగిన ప్రయోగం సెరోటోనిన్ పనితీరును మరింత స్పష్టం చేసింది. మితంగా విడుదలైనప్పుడు సెరోటోనిన్ చాలక నాడీకణాలను ఉత్తేజపరుస్తుంది. అతిగా విడుదలైనప్పుడు అది పొంగి, నాడీకణంలో సంకేతం పుట్టే చోటికి ప్రవహించి, అక్కడి వేరొక గ్రాహకాన్ని తాకి, ఆ సంకేతాన్నే అణచివేస్తుంది. ఒకే రసాయనం కొంతవరకు చేయూతగాను, హద్దు దాటితే కళ్ళెంగాను పనిచేస్తుందన్నమాట.

డోపమైన్

ఉత్సాహం, ప్రేరణ, ఫలాపేక్ష, కదలికల నియంత్రణ డోపమైన్‌తో ముడిపడి ఉన్నాయి. 1993లో బెయిలీ, డేవిస్ బృందం ఎలుకలపై జరిపిన పరిశోధనలో వ్యాయామం సాగుతున్నంతసేపు మెదడులో డోపమైన్ పెరిగి, పూర్తిగా అలసిన దశలో తగ్గిపోయింది. దీని ఆధారంగా సెరోటోనిన్ ఒక్కటే కాక, సెరోటోనిన్-డోపమైన్ నిష్పత్తి ముఖ్యమని డేవిస్, బెయిలీ 1997లో ప్రతిపాదించారు. డోపమైన్‌తో పోల్చినప్పుడు సెరోటోనిన్ పెరిగితే అలసట త్వరగా వస్తుందని వారి భావన.

మనుషులపై జరిగిన ప్రయోగాలలో ఆసక్తికరమైన ఫలితాలు వచ్చాయి. 2005లో ప్రచురితమైన ఒక పరిశోధనలో డోపమైన్, నార్‌అడ్రినలిన్‌ల ప్రభావాన్ని పెంచే బుప్రోపియాన్ అనే మందు తీసుకున్న సైక్లిస్టులు 30 డిగ్రీల సెల్సియస్ వేడిలో సుమారు 9 శాతం త్వరగా పని ముగించారు. 18 డిగ్రీల చల్లదనంలో మాత్రం తేడా కనిపించలేదు. వేడిలో ఆ మందు తీసుకున్నవారి శరీర ఉష్ణోగ్రత మామూలు కంటే ఎక్కువైనా, వారికి ఎక్కువ వేడిగా గాని, ఎక్కువ శ్రమగా గాని అనిపించలేదు. ప్రమాద సూచనను మందు కప్పివేసింది.

నార్‌అడ్రినలిన్

చురుకుదనాన్ని, అప్రమత్తతను కలిగించే రసాయనం ఇది. ఇది పెరిగితే అలసట తగ్గుతుందని ఎవరైనా ఊహించవచ్చు. కాని దీని ప్రభావాన్ని మాత్రమే పెంచే రెబాక్సెటిన్ అనే మందు ఇచ్చినప్పుడు సైక్లిస్టుల సామర్థ్యం తగ్గింది. మెదడు రసాయనాల పనితీరును సులభ సూత్రాలలో బంధించలేమనడానికి ఇది ఉదాహరణ.

అడినోసిన్

ఏటీపీ విచ్ఛిన్నమైనప్పుడు ఏర్పడే పదార్థాలలో అడినోసిన్ ఒకటి. ఇది మెదడులో తన గ్రాహకాలకు అతుక్కొని నాడీకణాల చురుకుదనాన్ని తగ్గిస్తుంది, నిద్రమత్తు కలిగిస్తుంది. కాఫీ, టీలలో ఉండే కెఫీన్ ఈ గ్రాహకాలను ఆక్రమించి అడినోసిన్‌ను పనిచేయనీయదు. 2003లో ఎలుకల మెదడులోకే నేరుగా కెఫీన్ ఎక్కించినప్పుడు అవి పరుగెత్తిన సమయం సుమారు 60 శాతం పెరిగింది. అంతే మోతాదును శరీరంలోకి ఎక్కించినప్పుడు ఈ ప్రభావం కనబడలేదు. కనుక కెఫీన్ ప్రధానంగా మెదడు మీదనే పనిచేస్తుందని తేలింది. ప్రపంచ మాదకద్రవ్య నిరోధక సంస్థ (వాడా) 2004లో కెఫీన్‌ను నిషిద్ధ పదార్థాల జాబితా నుండి తొలగించింది.

అమ్మోనియా

తీవ్రమైన లేదా దీర్ఘమైన శ్రమలో కండరాల నుండి అమ్మోనియా రక్తంలోకి విడుదలవుతుంది. ఇది రక్తం నుండి మెదడులోకి సులభంగా ప్రవేశిస్తుంది. అక్కడ ఇది గ్లుటమేట్ వంటి నాడీ ప్రసారకాల సమతౌల్యాన్ని దెబ్బతీసి అలసటకు తోడ్పడవచ్చునని భావిస్తున్నారు.

గ్లూకోజ్

మెదడుకు ప్రధాన ఇంధనం గ్లూకోజ్. 1924లో అమెరికాలోని బోస్టన్ మారథాన్ పరుగు ముగించిన వారి రక్తాన్ని శామ్యూల్ లెవిన్ బృందం పరీక్షించింది. రక్తంలో చక్కెర బాగా పడిపోయినవారు నీరసంతోను, అయోమయంతోను కనిపించారు. మరుసటి సంవత్సరం పరుగుకు ముందు, పరుగు మధ్యలో తీపి పదార్థాలు ఇవ్వగా ఈ లక్షణాలు చాలావరకు తగ్గాయి.

చక్కెరకు సంబంధించి మరొక వింత 2004లో బయటపడింది. సుమారు గంటసేపు సాగే సైకిల్ పరీక్షలో పిండిపదార్థం కలిపిన ద్రవాన్ని మ్రింగకుండా పుక్కిలించి ఉమ్మివేసిన వారు సుమారు 3 శాతం త్వరగా పని ముగించారు. కడుపులోకి ఏమీ చేరలేదు కనుక కండరాలకు ఇంధనం అందలేదు. నోటిలోని గ్రాహకాల నుండి కబురు అందుకొని మెదడులోని ప్రేరణ కేంద్రాలు చురుకైనట్లు 2009లో తీసిన మెదడు చిత్రాలు సూచించాయి.

శరీర ఉష్ణోగ్రత ప్రభావం

1999లో గొన్సాలెజ్-అలోన్సో బృందం 7 గురు సైక్లిస్టుల శరీర ఉష్ణోగ్రతను ముందుగానే సుమారు 36, 37, 38 డిగ్రీలకు మార్చి, వేడి గదిలో సైకిల్ తొక్కించింది. వారు వరుసగా 63, 46, 28 నిమిషాల తరువాత అలసి ఆపివేశారు. మొదలుపెట్టిన ఉష్ణోగ్రతలు వేరైనా ఆపివేసిన సమయంలో అందరి శరీర ఉష్ణోగ్రత దాదాపు 40 డిగ్రీలే.

2001లో డెన్మార్క్‌కు చెందిన లార్స్ నైబో, బోడిల్ నీల్సన్ ఈ అలసట ఎక్కడ పుడుతున్నదో పరిశీలించారు. సైకిల్ తొక్కిన తరువాత 2 నిమిషాలపాటు తొడ కండరాన్ని శక్తికొద్దీ బిగించినప్పుడు, శరీరం 38 డిగ్రీల వద్ద ఉన్నవారు కండర సామర్థ్యంలో 82 శాతం వాడగలిగారు. శరీరం 40 డిగ్రీలకు చేరినప్పుడు అది 54 శాతానికి పడిపోయింది. విద్యుత్ ప్రేరణ ఇస్తే మాత్రం కండరం రెండు సందర్భాలలోను సమానంగానే పనిచేసింది. కనుక వేడికి లొంగినది కండరం కాదు, మెదడు నుండి వెలువడే ఆజ్ఞ.

కండరం నుండి మెదడుకు అందే సమాచారం

కండరాలలోని సన్నని జ్ఞాననాడులు అక్కడి రసాయన మార్పులను, వేడిని, నొప్పిని ఎప్పటికప్పుడు మెదడుకు తెలియజేస్తుంటాయి. 2009లో మార్కస్ అమన్ బృందం వెన్నులోకి ఫెంటానిల్ అనే మందు ఎక్కించి కాళ్ళ నుండి వచ్చే ఈ సమాచారాన్ని అడ్డుకొని, 5 కిలోమీటర్ల సైకిల్ పందెం నిర్వహించింది. సైక్లిస్టులు మొదట మామూలు కంటే వేగంగా తొక్కారు. కాని చివరికి వేగం తగ్గిపోయి మొత్తం సమయంలో లాభం కలగలేదు. పందెం ముగిసేసరికి కండరాలు ఎంతగా అలసిపోయాయంటే వారికి నడవడం కూడా కష్టమైంది. కేంద్రీయ అలసట కండరాలకు రక్షణ కల్పిస్తుందన్న వాదనకు ఇది బలమైన సాక్ష్యం.

సిద్ధాంతాలు - వాదోపవాదాలు

దక్షిణాఫ్రికాకు చెందిన టిమ్ నోక్స్, శరీరానికి హాని కలగకముందే మెదడు కండరాల వాడకాన్ని తగ్గిస్తుందని, అలసట అనేది మెదడు కల్పించే ఒక అనుభూతి అని వాదించాడు. దీనికి కేంద్ర నియంత్రక సిద్ధాంతం అని పేరు. గుండెను కాపాడే ఇటువంటి నియంత్రక వ్యవస్థ ఉండవచ్చునని 1924లోనే హిల్ బృందం సూచించింది. ఈ సిద్ధాంతాన్ని నిరూపించడం గాని, తోసిపుచ్చడం గాని కష్టమని విమర్శకులు అంటారు.

ఇటలీకి చెందిన సామ్యూల్ మార్కోరా మనోవైజ్ఞానిక దృష్టితో వేరొక వివరణ ఇచ్చాడు. చేస్తున్న పనికి పడవలసిన శ్రమ, తాను పడడానికి సిద్ధపడిన శ్రమను మించినప్పుడు మనిషి ఆపివేస్తాడని అతని వాదన. అతని బృందం 2009లో ప్రచురించిన పరిశోధనలో 90 నిమిషాలపాటు ఏకాగ్రతతో మెదడుకు పనిచెప్పిన వారు సైకిల్‌ను సగటున 640 సెకండ్లు మాత్రమే తొక్కగలిగారు. విశ్రాంతిగా చలనచిత్రం చూసినవారు 754 సెకండ్లు తొక్కారు. గుండె, కండరాల పనితీరులో తేడా లేదు, అనుభవించిన శ్రమలో మాత్రమే తేడా ఉన్నది. మోస్సో శతాబ్దం క్రితం గమనించిన విషయమే ఇక్కడ కొత్త పరికరాలతో మళ్ళీ రుజువైనది.

ఉత్ప్రేరక మందులు - ప్రమాదాలు

యాంఫెటమిన్ వంటి మందులు మెదడులో డోపమైన్, నార్‌అడ్రినలిన్‌ల ప్రభావాన్ని విపరీతంగా పెంచి అలసటను తెలియనీయవు. ఇంగ్లండుకు చెందిన సైక్లిస్టు టామ్ సింప్సన్ 1967 జూలై 13న టూర్ డి ఫ్రాన్స్ పోటీలో తీవ్రమైన ఎండలో మోంట్ వెంటూ పర్వతం ఎక్కుతూ కుప్పకూలి 29 ఏళ్ళ వయసులో మరణించాడు. అతని శరీరంలో యాంఫెటమిన్, మద్యం ఉన్నట్లు పరీక్షలో తేలింది. మరుసటి సంవత్సరం, 1968లో, ఒలింపిక్ క్రీడలలో మాదకద్రవ్య పరీక్షలు ప్రారంభమయ్యాయి. వేడిమి హద్దు మీరినప్పుడు శరీరాన్ని ఆపేది కేంద్రీయ అలసటే. ఆ అలసటను మందుతో అణచివేసినవారికి ఆగవలసిన సమయం తెలియదు.

ఆచరణలో

సైనిక, పోలీసు ఉద్యోగాల ఎంపికలో 1600 మీటర్ల పరుగు వంటి పరీక్షలకు సిద్ధమయ్యే యువకులకు, క్రీడాకారులకు, ఎండలో పనిచేసే రైతులకు, కూలీలకు ఈ విషయాలు ఉపయోగపడతాయి.

- వేడికి శరీరం క్రమంగా అలవాటు పడుతుంది. ఒకటి రెండు వారాలపాటు కొద్దికొద్దిగా శ్రమ పెంచడం మేలు. వేసవిలో తెల్లవారుజామున సాధన చేయడం క్షేమకరం.
- గంటకు మించిన వ్యాయామంలో పిండిపదార్థాలు, నీరు తీసుకోవడం మెదడుకు, కండరాలకు రెండింటికీ అవసరం.
- పరీక్షకు ముందు నిద్ర లేకపోవడం, ఎక్కువసేపు మానసిక శ్రమ చేయడం సామర్థ్యాన్ని తగ్గిస్తాయి.
- తల తిరగడం, మాట తడబడడం, అయోమయం కనిపిస్తే అది పట్టుదల చూపవలసిన సమయం కాదు. వెంటనే ఆపి, నీడకు చేర్చి, శరీరాన్ని నీటితో చల్లబరచి వైద్యసహాయం పొందాలి.
- అలసటను తెలియనీయని మందులను వైద్యుని సలహా లేకుండా వాడరాదు.

వ్యాధులలో కేంద్రీయ అలసట

పార్కిన్సన్ వ్యాధి, మల్టిపుల్ స్క్లెరోసిస్, పక్షవాతం, మానసిక కుంగుబాటు మొదలైన వాటిలో రోగులు తీవ్రమైన అలసటను అనుభవిస్తారు. వీరి కండరాలు బాగానే కనిపించవచ్చు. అందువలన ఇంటివారు దీనిని సోమరితనంగా పొరబడే అవకాశం ఉన్నది. మెదడులో పుట్టే అలసట కూడా కండరంలో పుట్టే అలసటవలెనే శారీరక కారణాలు కలది.

ఇవి కూడా చూడండి

- సెరోటోనిన్
- డోపమైన్
- కెఫీన్
- వడదెబ్బ
- ఎల్లాప్రగడ సుబ్బారావు